గ్లెనిస్ ఇంటి చలి

మా వీధిలో గ్లెనిస్ ర్యాస్ట్రిక్ అంత చలి మనిషి ఇంకొకరు లేరు. ఏప్రిల్ నెలలో కూడా ఇంట్లో రెండు స్వెట్టర్ల మీద కోటు తొడుక్కుని, వేడినీళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని టీవీ చూసేది. ముప్ఫయ్యేళ్ళు స్కూలు వంటశాలలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ పొయ్యిల వేడికి అలవాటుపడి ఇలా అయిందని కొందరన్నారు, ఒంట్లో నెత్తురు తక్కువని కొందరన్నారు. డాక్టరు రెండుసార్లు రక్తపరీక్షలు చేయించి, థైరాయిడ్ చూసి, ఐరన్ మాత్రలు రాసిచ్చాడు. పరీక్షల్లో ఏ లోపమూ తేలకపోయినా, ఎందుకైనా మంచిదని ఇచ్చాడు. మాత్రల వల్ల కడుపు బిగిసిపోయిందే తప్ప చలి తగ్గలేదు.

ఆమె మొగుడు డెరిక్ బస్సు డ్రైవరుగా చేసి మానేశాడు. మాటకు ముందు అతనిది ఒకటే పాట. "ఇల్లు చల్లగా ఉందంటే నేనొప్పుకోను. అటక మీద జానెడు పైన మందంగా గాజు ఉన్ని పరిచాను, ఈ చేతుల్తో. వేడి బయటికి పోయే దారే లేదు. తేడా ఉంటే నీ ఒంట్లోనే ఉంది."

గోడ అవతల ఇల్లు ఐవర్ సగ్డెన్‌ది. ఒంటరి మనిషి, ఒకప్పుడు మాకు ఉత్తరాలు పంచేవాడు. డెబ్బయి దాటినా వారానికి రెండుసార్లు కొండలెక్కి వస్తాడు. డిసెంబరులో సగం చేతుల చొక్కాతో గుమ్మంలో నిలబడి, కోటు మీద కోటు వేసుకున్న గ్లెనిస్‌ని ఆటపట్టించడం అతని సరదా.

"చన్నీళ్ళు పోసుకో గ్లెనిస్! పదిహేనేళ్ళ నుంచి పోసుకుంటున్నాను. మొదలుపెట్టిన చలికాలం నుంచే నాకు చలన్నది తెలీదు. ఇంట్లో హీటర్ వేస్తే ఉక్కపోస్తుంది."

"నువ్వు పోసుకో నాయనా, మా వాటా కూడా," అనేది ఆమె తలుపు వేసేస్తూ.

కిందటి మార్చిలో, ఇల్లు వెచ్చబెట్టే వాళ్ళ పాత గ్యాస్ బాయిలర్ మూలగడం మొదలుపెట్టింది. దాని బదులు, బయటి గాలిలోంచి వేడి లాగే హీట్ పంప్ పెట్టించుకుందామని గ్లెనిస్ పట్టుబట్టింది. ముందు ఇల్లంతా కొలవడానికి మంగళవారం పదింటికి సర్వేయర్ వస్తుందని కబురు వచ్చింది. కబురుతో పాటు, ఆ లోపల చేసి ఉంచాల్సిన పనుల జాబితా ఒకటి. గదులను వెచ్చబెట్టే ప్రతి రేడియేటర్ దగ్గరికీ దారి ఉండాలట. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అల్మరా ఖాళీ చేయాలట. మెట్ల కింద మీటరు కనబడాలట. పెరట్లో యంత్రం పెట్టే చోట గోడ పక్కన ఏమీ ఉండకూడదట. చివరగా, అటక మీది ఉన్నిలో టేపు గుచ్చి, మందం తెలిసేలా ఫోటో తీసి పంపాలట.

శనివారమంతా సర్దుళ్ళతో గడిచింది. ట్యాంకు అల్మరాలోంచి తువ్వాళ్ళు, దుప్పట్లు, డెరిక్ పోయిందనుకున్న చేపల వల, ఎప్పటివో నాలుగు క్రిస్మస్ మేజాబట్టలు బయటపడ్డాయి. పడకగదిలో రేడియేటర్‌కి అడ్డంగా ఉన్న బీరువాను ఇద్దరూ కలిసి తోశారు. రేడియేటర్ వెనక నుంచి డెరిక్ కట్టుడు పళ్ళు దొరికాయి. కుక్క మింగేసిందనుకుని, పాపం, అప్పట్లో దానికి ఎక్స్‌రే కూడా తీయించారు.

ఆదివారం పొద్దున డెరిక్ మా ఇంటికి నిచ్చెన కోసం వచ్చాడు. మోకాలు పాడయ్యాక అతను మళ్ళీ అటకెక్కలేదు.

"ఫోటోదేముందిలే, గ్లెనిస్ ఎక్కుతుంది. నేను కింద పట్టుకుంటాను. చూశాక అయినా దానికి నమ్మకం కుదురుతుంది," అన్నాడు గర్వంగా.

మా వీధిలోవి వందేళ్ళు దాటిన రాతి ఇళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని కొండవాలున వరసగా ఉంటాయి. కింద ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉంది గాని, కట్టినవాడు పిసినారేమో, కొన్ని జతల ఇళ్ళకు అటక మీద గోడే కట్టలేదు. ఇద్దరి పొగగొట్టాలూ కలిపి కట్టిన ఇటుక స్తంభం ఒక్కటే మధ్యలో నిలబడి ఉంటుంది. అదే హద్దు.

గ్లెనిస్ నిచ్చెనెక్కి, చెక్క మూత పక్కకు నెట్టి, నుదుటికి కట్టుకున్న దీపం వెలిగించింది. పైన దూలాలు అటూ ఇటూ కిర్రుమన్నాయి.

"ఏమైంది? టేపు గుచ్చావా?" డెరిక్ అరిచాడు.

"దేంట్లో గుచ్చమంటావు?"

"ఉన్నిలో!"

"ఉన్ని ఏదీ? ఇక్కడ దూలాలున్నాయి, దుమ్ముంది, చచ్చిన కందిరీగలున్నాయి. సందుల్లోంచి మన పడకగది దీపం వెలుతురు కనబడుతోంది."

"సరిగ్గా చూడవే!"

"చూస్తున్నానయ్యా. అదిగో, స్తంభానికి అవతల ఉంది. పసుప్పచ్చగా, పరుపులు పరిచినట్టు. ఒక్క మూల కూడా వదలకుండా ఎంత బాగా పరిచావు డెరిక్! ఐవర్ పడకగది మీద."

డెరిక్ మోకాలి సంగతి మర్చిపోయి నిచ్చెన సగం ఎక్కాడు. తల పైకి పెట్టి ఇటు చూశాడు, అటు చూశాడు. మెట్ల పక్క ఇరుకులో నిచ్చెన ఒక్క తీరుగానే ఆనుతుంది, ఎక్కేవాడి ముఖం పెరటివైపు ఉంటుంది. ఉన్ని పరిచిన ఆనాడు డెరిక్ వీధివైపు చూస్తున్నాననుకున్నాడు. తన ఇల్లు కుడిచేతి వైపనుకుని, ఉన్ని చుట్ట తర్వాత చుట్ట, రెండు వారాల శని, ఆదివారాలు నడుం విరిగేలా పక్కింటికి పరిచి వచ్చాడు.

గ్లెనిస్ దూలం మీద కూర్చుని నవ్వింది. దుమ్ముకి దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, అది నవ్వో ఏడుపో డెరిక్‌కి అంతుపట్టలేదు.

"నాకు జబ్బేమీ లేదు," అంది నెమ్మదిగా. "పదిహేనేళ్ళు, డెరిక్. లోపం నాలోనే ఉందన్నావు. విని విని నేనూ నమ్మేశాను. ముసలితనం ముందే వచ్చేసిందనుకున్నాను."

అతను నిచ్చెన మీదే నిలబడి, ముక్కు మీది దుమ్ము తుడుచుకున్నాడు. చివరికి, "టీ పెట్టనా?" అన్నాడు.

"పెట్టు. ముందు జాగ్రత్తగా దిగు."

టీ తాగుతూ డెరిక్ ఒక ఉపాయం చెప్పాడు. "గుట్టుగా చుట్టి ఇటు లాగేసుకుందాం. ఐవర్ నిద్రపోతే తుపాకీ పేల్చినా వినబడదు."

"మన సామాను మనమే దొంగిలించాలా? ఊరుకో," అంటూ ఆమె లేచి, ఆ దుమ్ము బట్టలతోనే పక్కింటి తలుపు తట్టింది.

ఐవర్ నమ్మలేదు. అతని అటక మూత ఎప్పుడో రంగు వేసినప్పుడు అతుక్కుపోయిందట. వంటింటి కత్తితో రంగు గీకి, మూత ఊడదీసి, తల పైకి పెట్టాడు. ఈ పక్క మూతలోంచి గ్లెనిస్ తల పెట్టింది. ఇద్దరి మధ్యా ఆ పసుప్పచ్చ పరుపు. ఐవర్ దాన్ని చేత్తో నొక్కి చూశాడు.

"ఎప్పుడు వేశాడన్నావు?"

"పదిహేనేళ్ళయింది. నవంబరులో."

"నవంబరు," అన్నాడు ఐవర్. "నేను చన్నీళ్ళు మొదలుపెట్టింది కూడా ఆ నెలలోనే. అంటే... ఇదంతా ఆ నీళ్ళ వల్ల కాదా?"

"కాదేమో ఐవర్."

"రోజూ పోసుకున్నానే! క్రిస్మస్ నాడు కూడా! వీధివీధంతా పోసుకోమని చెప్పానే!"

"చెప్పావు. మరీ ముఖ్యంగా నాకు."

ఐవర్ గడ్డం గోక్కున్నాడు. "క్షమించు గ్లెనిస్. నిన్ను చాలా మాటలన్నాను. మొత్తం తీసేసుకో. మీ సొత్తు కప్పుకుని నాకు నిద్ర పట్టదు."

"నిన్ను చలికి వదిలేసి నాకు మాత్రం పడుతుందా?"

కాసేపు వాదులాడుకున్నారు. తీరా చూస్తే ఉన్ని రెండు పొరలు. దూలాల మధ్య ఒకటి, దాని మీద అడ్డంగా దళసరిది ఇంకొకటి. పై పొర వీళ్ళకు, కింది పొర ఐవర్‌కని తేల్చారు. సోమవారం మధ్యాహ్నం ఐవర్ అవతల నుంచి చుట్టి తోస్తే, గ్లెనిస్ స్తంభం పక్కనుంచి లాగి పరిచింది. డెరిక్ నిచ్చెన మీద సగంలో నిలబడి, "అటు కాదు, ఇటు!" అని చెప్పబోయాడు. ఇద్దరూ ఒకేసారి అతనికేసి చూశారు. అతను దిగిపోయి శాండ్‌విచ్‌లు చేశాడు.

మంగళవారం పదింటికి సర్వేయర్ సైమా వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ పిల్ల, పాతికేళ్ళుంటాయి. గోడలు, కిటికీలు, రేడియేటర్లు చకచకా కొలిచింది. పెరట్లో యంత్రానికి చోటు చూసింది. అటకెక్కి దిగి, "ఉన్ని బాగానే ఉంది, కానీ కింద ఇంకో పొర ఉండాల్సిందే. అది వేయిస్తే యంత్రం కాస్త చిన్నదైనా సరిపోతుంది," అని రాసుకుంది. "పైన మధ్యలో గోడ లేదేంటి?"

"దాని వల్లే వచ్చింది తంటా అంతా," అంది గ్లెనిస్.

"అక్కడ గోడ కట్టించండి. పక్కింట్లో నిప్పంటుకుంటే నేరుగా మీ ఇంట్లోకి వస్తుంది."

డెరిక్ తలూపాడు. ఏ వైపు కట్టాలో ఐవర్‌నీ అడిగి తెలుసుకుంటానన్నాడు.

చివరికి ముందుగదిలో కూర్చుని సైమా ట్యాబ్లెట్ తెరిచింది. "ఒక్కో గదిలో ఎన్ని డిగ్రీల వేడి కావాలో మీరు చెప్పాలి. దాన్నిబట్టే మిగతా లెక్కంతా. ఈ గదికి ఎంత రాయమంటారు?"

"పద్ధెనిమిది చాలు," అనబోయిన డెరిక్, పెళ్ళాం ముఖం చూసి ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

గ్లెనిస్ కిటికీకేసి చూసింది, తన చేతులకేసి చూసుకుంది.

"ఇరవై ఒకటి," అంది. అంతలోనే, "కాదమ్మాయ్, ఇరవై రెండు రాయి."

సైమా డెరిక్ వైపు చూసింది.

"ఆవిడ చెప్పిందిగా," అన్నాడు డెరిక్. "ఇరవై రెండు."