గా నొక్కినవారికే ప్రవేశం

రేపు పొద్దున మా ఆయన గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత ఇక మాట ఉండదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఆస్పత్రికి వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. ఏ విభాగానికి వెళుతున్నారో తప్పు లేకుండా పలికినవాళ్లనే లోపలికి వదులుతాడట. ఆ విభాగం పేరు ఓటోరైనోలారింగాలజీ. ఖర్మ కాకపోతే అదీ ఒక పేరేనా! నర్సులు కూడా పలకలేక వెనక గోడ దూకి డ్యూటీకి వస్తున్నారట.

నాతో వచ్చిన మా అమ్మాయి బళ్లో ఇంగ్లీషు చెబుతుంది. నన్నూ అల్లుణ్నీ మెట్ల మీద కూర్చోబెట్టి ఆ మాటను బత్తాయిలా తొనలు తీసింది. ఓటో అంటే చెవి, రైనో ముక్కు, లారింగ్ గొంతు, చివరి లజీ చదువు. పలికేటప్పుడు మాత్రం గొంతు మధ్యకు విరిగి, దాని గ పక్క ముక్కలోకి పోతుందట. అది విని నాకు ఏడుపొచ్చింది. లజీ అనే తోకకు ముందున్న ముక్కను ఎప్పుడూ నొక్కి పలకాలట. అంటే ఇక్కడ గా.

మొత్తం మాట నా నోట్లో ముద్దయిపోతోంది. ఒక్కరికి రాకపోతే పంచుకోవచ్చని వాచ్‌మనే దారి చూపించాడు. లారిం అల్లుడికి, గా నాకు, మిగిలినవి అమ్మాయికి అనుకున్నాం.

అంతే, అల్లుడు అలిగాడు. నొక్కేది అత్తగారూ, నసిగేది నేనూనా అని మొహం గోడకు తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడ మామగారి గొంతు పోతుంటే ఈ మహానుభావుడికి గా కావాలట. అయినా అల్లుడు కదా, గతిలేక ఇచ్చేసి లారిం తీసుకున్నాను.

ముగ్గురం వరసగా నిలబడి పలికాం. అల్లుడు గేటు అదిరేలా నొక్కాడు. వాచ్‌మన్ తలూపి, నొక్కినాయన ఒక్కడే లోపలికి రావాలన్నాడు. నొక్కనివాళ్లు అసలు లెక్కలోకే రారట.

గేటు లోపల ఒక కాలు పెట్టిన అల్లుడు నా మొహం చూసి వెనక్కి వచ్చాడు.

"అత్తయ్యా, అది మీరే నొక్కండి. నేను లారిం అంటాను," అన్నాడు.

మళ్లీ పలికాం. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ ఎత్తని గొంతెత్తి గా అన్నాను. వాచ్‌మన్ టోపీ సర్దుకుని గేటు తీశాడు.

మంచం మీదున్న ఆయన నన్ను చూడగానే మొదలుపెట్టారు. ఇంత ఆలస్యమా, మోటారు కట్టేశావా, వంటింటి కిటికీ వేశావా, నీకు బుద్ధెప్పుడొస్తుంది. మంచి మాట ఒక్కటి లేదు. నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"ఏమీ మిగల్చకండి. ఎల్లుండి తిట్టాల్సినవి కూడా ఇప్పుడే తిట్టేయండి," అన్నాను.