ఇరవై రోజుల రాంబాబు

రాజ్యశ్రీ ఫోన్ చేసేసరికి ఉదయం పదకొండు కావస్తోంది. నందిగామ బస్టాండు ఎదురు సందులో ఉన్న తన కొట్లో కూర్చుని, సిలార్ ఓ మందుల షాపు కోసం కెమెరా వైర్లకు పిన్నులు బిగిస్తున్నాడు. రాజ్యశ్రీ అతని స్నేహితుడు రాంబాబు భార్య. రాంబాబు గుండెపోటుతో పోయి ఐదు నెలలైంది. జగ్గయ్యపేటలో పైపులూ, మోటారు సామాన్లూ అమ్మే అతని కొట్టు అప్పటినుంచీ మూసే ఉంది.

“అన్నయ్యా, కొట్టు తెరుద్దామనుకుంటున్నా,” అంది రాజ్యశ్రీ. “ఎవరికో అద్దెకిచ్చే బదులు నేనే కూర్చుంటే పోలా? పాత కెమెరాలు సరిగ్గా కనపట్టంలేదని ఆయన ఎప్పుడూ అంటుండేవాడు. కొత్తవి పెట్టాలి. సింధూర ఆన్‌లైన్లో ఏవో వైఫైవి చూసింది. సిలార్ అన్నయ్యని అడక్కుండా కొనొద్దన్నా.”

“మంచి పని చేసావమ్మా. రేపొచ్చి చూస్తా. ఇప్పుడెక్కడున్నావు?”

“కొట్లోనే. అమ్మాయీ నేనూ పొద్దున్నుంచీ దుమ్ము దులుపుతున్నాం.”

సిలార్ చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

“మెయిన్ వేసారా?”

“తొమ్మిదింటికే వేసాం. ఫ్యాన్లు తిరగాలిగా.”

“కౌంటరు పక్క అరలో నల్ల డబ్బా ఉంటది, చిన్న లైట్లు వెలుగుతా. దాని ప్లగ్గు పీకెయ్యమ్మా. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా.”

స్టూలు జరిపిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు వినిపించాయి.

“పీకేసా. ఏమైందన్నయ్యా? షార్టు సర్క్యూటా?”



“అందులో రాంబాబు ఉన్నాడమ్మా,” అన్నాడు సిలార్.

విషయం ఏమిటంటే, కెమెరాలు తీసిందంతా దాచుకునే ఆ నల్ల డబ్బా, లోపలి డిస్కు నిండగానే అన్నిటికన్నా పాత రోజును చెరిపేసి, ఆ చోట కొత్త రోజును రాసుకుంటుంది. రాంబాబు పోయిన మూడో రోజున, ఎలకలు వైర్లు కొరికితే ప్రమాదమని ఎవరో గుర్తుచేస్తే, ఇంట్లోవాళ్ళు వెళ్ళి కొట్టు మెయిన్ ఆపేసి వచ్చారు. ఆనాటి నుంచీ డబ్బా నిద్రపోయింది. అతని చివరి రోజులు అందులో అలాగే ఉండిపోయాయి. ఈ ఉదయం కరెంటు రాగానే అది లేచి, తన పని తాను మొదలుపెట్టింది. దుమ్ము దులుపుతున్న తల్లీకూతుళ్ళను రాసుకుంటూ, రాంబాబును చెరిపేస్తోంది.

సిలార్ షట్టరు దించి బండెక్కాడు.

హైవే మీద జగ్గయ్యపేటకు అరగంట పైచిలుకు దారి. ఆ దారిలో ప్రతి మలుపూ అతనికి తెలుసు. ముప్ఫై ఏళ్ళ కింద ఇదే రోడ్డు మీద పాత లూనా మీద ఇద్దరూ పెళ్ళిళ్ళకు వెళ్ళేవారు. సిలార్ భుజం మీద వీడియో కెమెరా, రాంబాబు చేతిలో పెద్ద లైటు, మెడలో వైరు చుట్ట. ఇటు కీసర నుంచి అటు గరికపాడు దాకా వాళ్ళు పెళ్ళి తీయని ఊరు లేదు. లైటు వేడికి రాంబాబు కుడిచెయ్యి ఎప్పుడూ కందిపోయి ఉండేది. పెళ్ళివారు ముందు అతన్ని చూసి కళ్ళు చికిలించుకునేవారు, తర్వాత కెమెరాను చూసి నవ్వేవారు.

రాంబాబుకో అలవాటు ఉండేది. తాళి కట్టేశాక లైటు పట్టుకుని మెల్లగా పందిట్లో వెనక వరసకు వెళ్ళిపోయేవాడు. అక్కడ గోడవార చాప మీద కూర్చున్న ముసలమ్మల మొహాల మీద వెలుగు వేసి నిలబడేవాడు. లైటెక్కడుంటే కెమెరా అక్కడికి రాక తప్పదు.

“టేపు దండగరా. పెళ్ళికూతురి మీద పెట్టు,” అని సిలార్ విసుక్కునేవాడు.

“పెళ్ళికూతుర్ని ఊరంతా చూస్తదిలే. ఈవిణ్ణి ఎవడు తీస్తాడు? తియ్యి.”

పదేళ్ళూ పదిహేనేళ్ళూ గడిచాక ఆ క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించమని జనం సిలార్ కొట్టుకు వచ్చినప్పుడు తెలిసింది, వాళ్ళు వచ్చేది పెళ్ళికోసం కాదని. “మా నాయనమ్మ ఒకచోట వస్తదండి, చాప మీద కూచుని. ఆ ముక్క పోకుండా చూడండి,” అని బతిమాలేవారు.

తర్వాత విజయవాడ నుంచి పెద్ద కెమెరాల వాళ్ళు వచ్చారు. డ్రోన్లు వచ్చాయి. రాంబాబు తన మేనమామ పైపుల కొట్లో చేరి, చివరికి దాన్నే కొనుక్కున్నాడు. సిలార్ కెమెరాలను గోడలకు బిగించే పనిలోకి మారాడు. అన్ని వందల పెళ్ళిళ్ళలో ఒకడు కెమెరా వెనకా, ఒకడు లైటు వెనకా. ఏ టేపులోనూ ఇద్దరూ లేరు. రాంబాబు పెళ్ళిని సిలార్ ఒక్కడే లైటూ కెమెరా రెండూ మోసి తీశాడు. ఆ క్యాసెట్టును సీడీ చేసిస్తా, చేసిస్తా అంటూనే ఏళ్ళు దాటించాడు. తీరా బీరువాలోంచి తీసేసరికి టేపు బూజుపట్టి అట్టలా అతుక్కుపోయింది. “పోతే పోయిందిలేరా, మనిషిని నేనున్నాగా,” అని రాంబాబు నవ్వేశాడు. ఫోన్లు వచ్చాక కూడా ఎవరైనా తీయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

చిల్లకల్లు దగ్గర పేటలోకి మళ్ళుతూ సిలార్ ‘మనిషిని నేనున్నాగా’ అన్న ఆ మాటే తలచుకున్నాడు.

కొట్లో రాజ్యశ్రీ స్టూలు మీద బిగుసుకుని కూర్చుని ఉంది. ఊడదీసిన ప్లగ్గు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నందిగామలో ఓ కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు సింధూర ఆ రోజుకు సెలవు పెట్టి వచ్చింది. ముక్కుకు కట్టుకున్న చున్నీ విప్పి, “పోయిందా మామయ్యా?” అని అడిగింది.

“చూద్దాం తల్లీ.”

సిలార్ ముందు కెమెరాల వైర్లన్నీ డబ్బా నుంచి ఊడదీశాడు. ఇక కొత్తగా రాసుకోవడానికి దానికి ఏమీ అందదు. తర్వాత టీవీ తగిలించి ప్లగ్గు పెట్టాడు. డబ్బా చిన్నగా కూత వేసి లేచింది. తేదీల పట్టీ వచ్చింది. అతను వేలుతో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

“మూసున్న రెండ్రోజులు తీసేస్తే ఇరవై రోజులున్నయ్. మొదటి రోజు పొద్దున ఓ రెండు గంటలు పోయినయ్. అంతే.”

“ఆ రెండు గంటల్లో ఏం చేసుంటాడో,” అంది రాజ్యశ్రీ. సిలార్ మొదటి రోజు తేదీని నొక్కాడు.

తెర మీద కౌంటరు కనిపించింది, దాని వెనక రాంబాబు. కెమెరాను సిలార్ నాలుగేళ్ళ కింద సీలింగుకు దగ్గరగా బిగించాడు. అందుకని మొహం కంటే నడినెత్తి మీది బట్టతల ఎక్కువగా కనపడుతోంది. అతను బల్లమీద కాగితాలు ఎత్తి చూస్తున్నాడు, సొరుగు లాగి చూస్తున్నాడు, వంగి కౌంటరు కింద వెతుకుతున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది.

“నాన్నా, పైనుంది!” అంది సింధూర అప్రయత్నంగా. అని, నవ్వబోయి ఏడ్చింది.

రాజ్యశ్రీ ఏడవలేదు. టీవీ దగ్గరకు స్టూలు లాక్కుంది. “మాట వినపడదా అన్నయ్యా?”

“వినపడదమ్మా. మైకున్న కెమెరా పెడదామన్నా ఆ రోజు. వద్దన్నాడు. కొట్లో నేను తిట్టే తిట్లన్నీ రికార్డు చేస్తావేంట్రా అన్నాడు.”

ఆమెకు నవ్వొచ్చింది. “నిజమే. బానే తిట్టేవాడు.”

మధ్యాహ్నం దాకా చూశారు. వరసగా కాకుండా ఇక్కడో కాసేపు, అక్కడో కాసేపు. రైతులు వస్తున్నారు, విరిగిన ముక్కలు బల్లమీద పెడుతున్నారు. రాంబాబు అటు చూడకుండానే వెనక్కి చెయ్యి చాపి, అరలోంచి సరిగ్గా అలాంటిదే తీసి పెడుతున్నాడు. ఓ ముసలాయన పైపు అడుగున బిగించే ఫుట్‌వాల్వు కొంటే లోపలి నాలుకను వేలితో నొక్కి చూపించి, అతని చేత కూడా నొక్కించి గానీ ఇవ్వలేదు. టీ వచ్చింది. సగం తాగి మర్చిపోయాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం కొట్లోకి సిలార్ వచ్చాడు.

తెర ముందున్న సిలార్ ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు ఈ పక్కనే ఏదో పని చూసుకుని, వెళ్తూ వెళ్తూ ఓ పావుగంట ఆగాడు. అవును, గుర్తుంది. తెరలో రాంబాబు అతన్ని చూసి లేచాడు, కుర్చీ లాగాడు. ముప్ఫై ఏళ్ళలో ఇద్దర్నీ ఒకే బొమ్మలో చూడటం అతనికి అదే మొదటిసారి. రాంబాబు ఏదో చెబుతున్నాడు. చేతులు రెండూ వెడల్పుగా చాపాడు, మళ్ళీ దగ్గరకు తెచ్చాడు, పగలబడి నవ్వాడు. కుర్చీలోని సిలార్ మాత్రం తల ఎత్తలేదు. ఫోనులో ఏదో చూసుకుంటూ, మధ్యమధ్య ఊ కొడుతున్నట్టు తల ఊపుతున్నాడు. పావుగంటా అంతే. తర్వాత లేచి వెళ్ళిపోయాడు. రాంబాబు గుమ్మం దాకా వచ్చి, బండి కనుమరుగయ్యే దాకా కాబోలు, అక్కడే నిలబడ్డాడు.

“ఏం చెప్తున్నాడన్నయ్యా నీకు?” రాజ్యశ్రీ ఆశగా అడిగింది. “అంత నవ్వుతున్నాడు.”

సిలార్ నోటికి ఓ అబద్ధం వచ్చింది. పాత పెళ్ళి కబురేదో చెప్పాడంటే సరిపోతుంది, ఆమె సంతోషిస్తుంది. ఆమె మొహం చూశాక చెప్పలేకపోయాడు.

“గుర్తు లేదమ్మా,” అన్నాడు. “నేను విన్లా. ఫోన్ చూసుకుంటన్నా. చూడు, కనపడతనే ఉందిగా.”

లేచి బయట పంపు దగ్గరకు వెళ్ళి మొహం కడుక్కున్నాడు. కాసేపటికి సింధూర వచ్చి పక్కన నిలబడింది.

“మామయ్యా, నాన్నకి నువ్వొస్తే చాలు, విన్నావో లేదో చూసుకోడు. ఇంట్లో మాకూ అంతేగా. మేము వినకపోయినా చెప్పుకుంటా పోయేవాడు,” అంది.

అతను తలాడించాడు గానీ, ఆ మాటతో మనసు తేలిక పడలేదు.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ ఇరవై రోజుల్నీ కాపీ చేశాడు. ఒకటి రాజ్యశ్రీకి, ఒకటి సింధూరకు. పాత డిస్కును మాత్రం విప్పి గుడ్డలో చుట్టి, “ఇది ఎవరికీ ఇవ్వద్దు,” అని రాజ్యశ్రీ చేతిలోనే పెట్టాడు.

కాపీ అవుతుండగానే కొత్త కెమెరాల మాట వచ్చింది. సింధూర ఫోన్లో తను చూసిన వైఫై కెమెరాలు చూపించింది.

“ఇంటికైతే ఇవి చాలమ్మా. ఇక్కడ చుట్టూ ఇనప సామాను, వెనక పెరట్లో పైపులు. సిగ్నలు అందదు. కరెంటు పోతే నెట్టు పోద్ది, దాంతో ఇదీ గుడ్డిదే. కొట్టుకి వైరుదే మేలు. లోపలికి గుండ్రటివి రెండు, బయట గుమ్మానికీ పెరటికీ పొడుగువి. కరెంటు పోయినా కాసేపు నడవడానికి చిన్న బ్యాటరీ.”

“రికార్డు ఎన్ని రోజులుంటదన్నయ్యా?” రాజ్యశ్రీ అడిగింది.

“పెద్ద డిస్కు వేస్తే నలభై. ఏదన్నా దాచుకోవాలంటే ఆ లోపే తీసుకోవాలి.”

“మైకున్నది పెడదాం మామయ్యా,” అంది సింధూర, తల్లివైపు చూడకుండా.

రాజ్యశ్రీకి అర్థమైంది. “పెట్టించు. నాకూ తిట్లొచ్చులే,” అంది.

రెండు రోజుల తర్వాత సిలార్ సామాను తెచ్చి బిగించాడు. కౌంటరు కెమెరాను ఈసారి సీలింగు దగ్గర పెట్టలేదు. ఎదుటి అర అంచుకు, మనిషి మొహానికి కాస్త ఎత్తులో పెట్టాడు. నిచ్చెన మీద నుంచే, “కూర్చోమ్మా ఓసారి,” అన్నాడు. భర్త కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు. అంచున కూర్చుంది. టీవీలో తన మొహం తనకే నిండుగా కనిపించేసరికి సిగ్గుపడి, కొంగు సర్దుకుని, మెల్లగా వెనక్కి ఆనుకుంది.

కొట్టు తెరిచారు.

తొలకరి పడ్డాక సిలార్‌కి మళ్ళీ పేటలో పని పడింది. అది చూసుకుని కొట్టుకు వెళ్ళేసరికి జనం ఉన్నారు. అనుమంచిపల్లి వైపు నుంచి వచ్చిన ఓ రైతు మోటారుది ఏదో విరిగిన ముక్క బల్లమీద పెట్టి, పేరు తెలియక తడుముకుంటున్నాడు. రాజ్యశ్రీ దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, లేచి, నాలుగో అరలో వెనకనుంచి డబ్బా తీసింది.

“ఇదేనా బాబాయ్?”

“ఇదేనమ్మా! రాంబాబు గారు చెప్పి పోయాడా ఏందీ, అన్నీ ఎక్కడున్నయ్యో?”

“ఆ, చెప్పాడు,” అంది రాజ్యశ్రీ.

జనం పలచబడ్డాక టీ తెప్పించింది. సిలార్ ఫ్యాను కింద కూర్చుని, “ఇవన్నీ ఎట్టా పట్టుకున్నావమ్మా?” అని అడిగాడు.

“సాయంత్రం ఇంటికెళ్ళాక నువ్విచ్చిన కాపీ పెట్టుకుని చూసేదాన్నన్నయ్యా. ఏ అరలోంచి ఏది తీస్తున్నాడో కాగితం మీద రాసుకునేదాన్ని. తెల్లారి వచ్చి ఆ అర చూసుకునేదాన్ని. పద్నాలుగు రోజులు చూసేసరికి కొట్టంతా వచ్చేసింది.”

“మిగతా ఆరూ?”

ఆమె గ్లాసులో టీని ఊది చల్లార్చుకుంది.

“చూళ్ళేదన్నయ్యా. చూస్తే అయిపోతాయిగా. ఉండనీ.”

ఇంతలో ట్రాక్టరొకటి వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు దిగకుండానే, “అక్కా, మూడించీ పైపులు పది!” అని కేకేశాడు. రాజ్యశ్రీ గ్లాసు బల్లమీద పెట్టి, తాళాల గుత్తి తీసుకుని పెరట్లోకి నడిచింది.