రాతి మీద ఎర్ర పేరు

మా నాన్న సమాధి రాయి మీద రెండు పేర్లకు చోటుంది. కుడివైపు ఆయన పేరు, తోకుజిరో, లోతుగా చెక్కి ఉంటుంది. ఎడమవైపు నున్నగా ఖాళీ. మా రేవులో మొగుడు ముందు పోతే పెళ్ళాం పేరు కూడా అప్పుడే చెక్కించి, ఆ అక్షరాల్లో ఎర్ర రంగు నింపుతారు. ఆవిడ కూడా పోయాక రంగు గీకేస్తారు. ఎర్ర పేరు ఉందంటే ఆ మనిషి ఇంకా బతికే ఉంది, చివరికి వచ్చేది మాత్రం ఇక్కడికే అని లెక్క. యుద్ధంలో మా రేవు మగవాళ్ళు ఎంతమంది పోయారో చెప్పనక్కర్లేదు, శ్మశానంలోకి అడుగుపెడితే ఎర్ర పేర్లే చెబుతాయి. మా అమ్మ సుయే పేరు మాత్రం వాటిలో లేదు. నలభై ఏళ్ళుగా లేదు.

ఆ రాయి కింద ఎముకలు కూడా లేవు. నౌకాదళం వాళ్ళు పంపిన చెక్కపెట్టెలో నాన్న పేరు రాసిన కాగితం ముక్క ఒకటి ఉంది, అంతే.

నాన్న సైనికుడేమీ కాదు. సూర చేపల పడవకి సరంగు. పడవ పేరు ఫుకుజు మారు, అమ్మానాన్నల పెళ్ళయిన ఏడే కట్టించింది. యుద్ధం ముదిరాక నౌకాదళం వచ్చి రేవులో పెద్ద పడవలన్నిటినీ మనుషులతో సహా తీసుకుంది. బూడిద రంగు పూసింది. గాలాలు పట్టుకుని మనుషులు వరసగా నిలబడే ముక్కు భాగంలో తుపాకీ బిగించింది. వాళ్ళ పని పసిఫిక్‌లోకి తూర్పుగా వారం రోజులు వెళ్ళి, అక్కడ తిరుగుతూ, శత్రువు ఓడలు కనిపిస్తే రేడియోలో కబురు చెప్పడం. ఆ కబురు శత్రువు చెవినా పడుతుంది. ఆ తర్వాత చేపల పడవ ఎక్కడికి పారిపోతుంది? ఈ సంగతి పంపినవాళ్ళకీ తెలుసు, వెళ్ళినవాళ్ళకీ తెలుసు.

అప్పుడు నాకు ఏడాది నిండింది. కాబట్టి నాన్నంటే నాకు అమ్మ చెప్పిన మాటలే. మా ఇంట్లో చేపలు పొగబెట్టి, ఎండబెట్టి, తురిమి అమ్ముతాం. తురిమేటప్పుడు చేతికి పని గాని నోటికి ఉండదు. అమ్మ చెప్పేది.

"మీ నాన్నకి దూరం చూపు ఆనేది కాదే మిసావో. పక్షుల గుంపు ఎక్కడుంటే చేపలు అక్కడ, అది కదా వేట? మిగతావాళ్ళందరికీ కనబడ్డాక ఈయన కూడా 'ఆఁ, కనబడింది కనబడింది' అనేవాడు. అటువంటి మనిషిని పట్టుకుని, పో, పోయి సముద్రం కాపలా కాయి అన్నారు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది."

ఇక్కడ ఎప్పుడూ నవ్వేది. ఫుకుజు మారు నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఐదోసారి రాలేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తురుముడు ఆపి, పొయ్యి చూసొస్తానని లేచిపోయేది.

ఈ ఏడు పెద్దల పండగకి ముందు ఇద్దరం శ్మశానానికి వెళ్ళి రాయి కడుగుతున్నాం. నాకసలే ఓర్పు తక్కువ. పైగా రాళ్ళు చెక్కే మనిషి ముసలివాడైపోయాడు, చలికాలానికి పని మానేస్తానంటున్నాడు. అడిగేశాను.

"అమ్మా, ఈసారైనా నీ పేరు చెక్కిద్దామా?"

"వద్దు."

"ఎందుకు వద్దు? ఊళ్ళో అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా? సుయేకి మొగుడి పక్కన పడుకోవడం ఇష్టం లేదట అంటున్నారు."

"అననీ. నన్ను కాల్చేశాక బూడిద సముద్రంలో కలిపెయ్."

"ఏం, నాన్నతో గొడవా?"

"ఆయనకే నాతో ఉండాలి గొడవ," అంది అమ్మ. చేతిలో గుడ్డ పిండి, బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. నలభై మూడేళ్ళ దాన్ని, ఆ మాట వినడం అదే మొదలు.

పడవ కట్టేటప్పుడు తెరచాప కొయ్య మొదట్లో చిన్న తొర్ర తవ్వి, సరంగు భార్య జుట్టు పాయ ఒకటి, రెండు పాచికలు, గుప్పెడు ధాన్యం పెట్టి మూసేస్తారు. అది పడవ ప్రాణం. అది ఉన్నంతవరకే అది పడవ, తీసేస్తే కట్టెలు. ఫుకుజు మారులో ఉన్నది ఇరవై ఒక్కేళ్ళ మా అమ్మ జుట్టు.

"నౌకాదళం వాళ్ళు పరీక్ష చెయ్యడానికి వస్తున్నారని తెలిసింది," అంది అమ్మ. "ప్రాణం తీసేస్తే ఇంజను నడవదు, నీళ్ళు లోపలికి వస్తాయి, ఇది పనికిరాదని వదిలేసి పోతారు, మీ నాన్న ఇంట్లో ఉంటాడు అనుకున్నాను. ఆ పడవ కట్టిన గెన్‌సాకు మేస్త్రీ కాళ్ళు పట్టుకున్నాను. మీ నాన్నకి చెప్పకుండా తీసెయ్యమన్నాను. నేను గట్టు మీద నిలబడి ఉండగానే ఆయన లోపలికి దిగి, ఉలి దెబ్బలు నాలుగు వేసి, పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఇంజను శుభ్రంగా నడిచింది. వాళ్ళు చూసి, బాగుంది అని తీసుకుపోయారు. ప్రాణం లేని పడవలో నా మొగుణ్ణి, పదకొండు మంది మనుషుల్ని సముద్రం మీదికి పంపాను. నాలుగుసార్లు ఇంటికి వచ్చాడు మిసావో. నాలుగుసార్లూ చెబుదామనుకున్నాను. కొడతాడని కాదు, వెళ్ళేటప్పుడు భయపడతాడని చెప్పలేదు. ఇప్పుడు ఆ రాయి పక్కన నా పేరు ఏ మొహంతో పెట్టుకోను?"

బాంబులు వేసినవాళ్ళది తప్పు గాని నీది కాదమ్మా అన్నాను. అమ్మ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసి, బకెట్టు తీసుకుని లేచింది.

ఆ పొట్లం నాకు తెలుసు. ఇంట్లో నాన్న ఫోటో వెనక, నూనె కాగితంలో చుట్టి, జనపతాడుతో కట్టి ఉంటుంది. అటువంటివి విప్పకూడదు. విప్పితే అరిష్టం. చిన్నప్పుడు ఒకసారి చెయ్యి పెట్టినందుకు అమ్మ నా వేళ్ళ మీద కొట్టింది. రోజూ పొద్దున్నే దాని ముందు చిన్న గిన్నెలో అన్నం పెట్టి, తల నేలకి ఆనించి ఏదో గొణుగుతుంది. నాన్నతో మాట్లాడుతోందనుకునేదాన్ని. క్షమించమని అడుగుతోందని ఇప్పుడు తెలిసింది.

కోపం వచ్చింది. అమ్మ మీద కాదు, ఆ మేస్త్రీ మీద. తెలివిలేని వయసులో ఒక అమ్మాయి ఏడిస్తే, పెద్దమనిషి అన్నవాడు బుద్ధి చెప్పాలా, ఉలి పట్టుకుని దిగాలా? తిన్నగా ఆయన పనిచోటుకి వెళ్ళాను. ఆయనకి ఎనభై అయిదు. ఇప్పుడు చెక్క పడవలు ఎవరు కట్టిస్తారు? అయినా షెడ్డులో ఏదో చెక్క ముక్కకి చిత్రిక పడుతూనే ఉంటాడు.

"మేస్త్రీ గారూ, మా నాన్న పడవ ప్రాణం తీసింది మీరేనట కదా?"

చిత్రిక ఆగింది. "ఎవరన్నారు?"

"మా అమ్మ. నలభై ఏళ్ళుగా దాని ముందు సాష్టాంగపడుతోంది. పేరు చెక్కించుకోనంటోంది. మొగుడి పక్కన ఉండే అర్హత లేదట. మీకు హాయిగా నిద్ర పడుతోందా?"

ఇంకా చాలా అన్నాను. ఆయన చిత్రికలో ఇరుక్కున్న పొట్టు తీసి, ఊదుకుని, పక్కన పెట్టాడు. నోరు మెదపని మనిషిని తిట్టడంలో సుఖం లేదు, నేనే అలసిపోయాను.

"సుయే దాన్ని ఇంకా ఉంచిందా?" అన్నాడు చివరికి.

"ఉంచడమేమిటి? పూజిస్తోంది!"

"అయ్యో," అన్నాడు. "రేపు పొద్దున వస్తానని చెప్పు."

మర్నాడు పొద్దున వచ్చాడు. పడవ నీళ్ళలోకి దించే రోజున వేసుకునే నల్ల కోటు వేసుకుని వచ్చాడు. ఎండకి చెమటలు కారుతున్నాయి. అమ్మ టీ ఇచ్చింది. తాగలేదు. నాన్న ఫోటో ముందు కూర్చుని చాలాసేపు తల వంచుకుని, తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"సుయే, ఆ పొట్లం విప్పు."

"విప్పకూడదు కదా మేస్త్రీ గారూ."

"కట్టినవాణ్ణి చెబుతున్నాను. విప్పు."

అమ్మ కదల్లేదు. నేను లేవబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఇంక ఆయనే చెయ్యి చాచి పొట్లం తీసుకున్నాడు. ముడి విప్పలేక చిన్న చాకుతో తాడు కోశాడు. నూనె కాగితం అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది. మడత మీద మడత తీసి చాప మీద పెట్టాడు.

లోపల రెండు పాచికలు, పుచ్చిన ధాన్యం, జుట్టు పాయ ఉన్నాయి. తెల్లగా నెరిసిన జుట్టు.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"పొట్లంలో ఉన్న జుట్టు కూడా నెరుస్తుందా మేస్త్రీ గారూ?"

"నెరవదమ్మా. అది నీది కాదు. మా అమ్మది."

"తోరా పెద్దమ్మదా!"

"ఆ పూట చేతికి దొరికింది ఆవిడే. దువ్వెనలోంచి తీశాను. నువ్వు విప్పవని తెలుసు కదా, రంగు సంగతి ఆలోచించలేదు."

తోరా పెద్దమ్మ అంటే మా వీధి వీధంతా హడలే. బతికున్నన్నాళ్ళూ ఒక్కరి తప్పు మన్నించిన పాపాన పోలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అమ్మ నడక బాగాలేదని నలుగురిలో తిట్టిందట.

"నలభై ఏళ్ళు తోరా పెద్దమ్మకి అన్నం పెట్టి, క్షమించు క్షమించు అని మొక్కానా నేను?" అంది అమ్మ.

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పోబోయాను. అమ్మ మొహం చూసి ఆగిపోయాను.

"మరి నాది?" అంది.

"దాన్ని నేను ముట్టుకోలేదు. ఉత్తుత్తినే ఉలి కొట్టి వచ్చాను." మేస్త్రీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "నువ్వు అడిగిన రోజే తోకుజిరోకి చెప్పేశాను. పడవ వాడిది, చెప్పకుండా ఎలా చేస్తాను? వాడు నవ్వాడు. 'నన్ను ఇంట్లో ఉంచుకోడానికి దొంగతనానికి కూడా దిగిందా' అని మురిసిపోయాడు. 'ఆవిడకి ఏదో ఒకటి చుట్టి ఇచ్చెయ్యి మేస్త్రీ, ఏడవకుండా ఉంటుంది. లోపలది మాత్రం కదిలించకు. అంత దూరం నేనొక్కణ్ణే ఎలా వెళ్ళను' అన్నాడు."

అమ్మ ఆయన వైపు ఇంకాస్త జరిగింది.

"అంటే ఆ నాలుగుసార్లూ ఇంటికి వచ్చినప్పుడు ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే నా మొహంలోకి చూస్తూ అన్నం తిన్నాడా?"

"నువ్వు చెబుతావేమోనని చూసి ఉంటాడు. నువ్వు చెప్పలేదు, వాడూ అడగలేదు. సరిపోయారు ఇద్దరూ."

ఇంక నేను ఊరుకోలేకపోయాను. "మరి మీరెందుకు చెప్పలేదు? నలభై ఏళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నారు?"

ఆయన నా వైపు చూడలేదు, అమ్మకే చెప్పాడు. "పడవతో జుట్టు మునిగితే ఆ జుట్టు గల మనిషీ ఎంతోకాలం ఉండదని మావాళ్ళు అంటారు. చంటిపిల్లతో ఉన్నదానివి. చెప్పి ఎందుకు భయపెట్టడం అనుకున్నాను. ఈ ఏడు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం అనుకుంటూ ముసలాణ్ణయిపోయాను. నువ్వు మాత్రం అలాగే ఉన్నావు."

అమ్మ ఆ తెల్ల జుట్టుని మళ్ళీ కాగితంలో పెట్టి జాగ్రత్తగా మడిచింది. మడిచి, ఒళ్ళో పెట్టుకుని, ఏడ్చింది. నాన్న రాలేదని కబురు తెలిసిన రోజున కూడా మా అమ్మ ఏడవలేదని మా వీధిలో పెద్దవాళ్ళు చెబుతారు. నాకూ అమ్మ ఏడవగా చూసిన గుర్తు లేదు. ఇప్పుడు చంటిపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. నాకు దుఃఖం ఆగలేదు. మేస్త్రీ చల్లారిన టీ తీసుకుని గటగటా తాగేశాడు.

"అయితే నేను వెంట ఉన్నానన్నమాట," అంది అమ్మ కాసేపటికి. "ఆఖరి దాకా ఉన్నాను."

"ఉన్నావు," అన్నాడు మేస్త్రీ.

వెళ్ళేటప్పుడు పొట్లం ఆయన చేతిలో పెట్టి, "మీ అమ్మని తీసుకెళ్ళండి. అన్నానికి లోటు చెయ్యలేదని చెప్పండి" అంది. ఆయన దాన్ని నల్ల కోటు లోపల పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని నడిచి వెళ్ళాడు.

పండగ వెళ్ళిన మూడో రోజున రాళ్ళు చెక్కే మనిషిని పిలిపించాం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అక్షరాలు పూర్తయ్యాయి. అమ్మ గొడుగు వేసుకుని అక్కడే నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. అతను రంగు డబ్బా తెరిచి, సన్న కుంచెతో ఒకసారి అద్ది, వెనక్కి జరిగి చూసుకుని, చాలు కదమ్మా అన్నాడు.

"ఇంకో పూత వెయ్యి నాయనా," అంది అమ్మ. "ఆయనకి దూరం ఆనదు."