దుప్పి బొమ్మ లారీ

లైల్ హెస్ లారీ నేలను ఒకసారి ఊడ్చి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కి ఊడవడం మొదలుపెట్టాడు. శనివారం పరాయి ఊళ్ళో ఆడివచ్చిన సామానంతా దిగిపోయింది. హెల్మెట్ల పెట్టెలు, భుజాల కవచాలు, బురద బూట్ల సంచులు ఎక్కడివక్కడికి చేరిపోయాయి. ఖాళీ లారీలో చెమటకంపు తప్ప ఊడవడానికేమీ లేదు. అయినా ఊడుస్తున్నాడు. పని చెప్పకపోతే ఆ చెయ్యే పోయి రేడియో మీట నొక్కుతుంది. రేడియోలో ఒకడు శిక్ష తగ్గిస్తారంటాడు, ఇంకొకడు చస్తే తగ్గించరంటాడు, అక్కడితో పొద్దు కాస్తా పాడవుతుంది.

అరవై దాటిన పొడగరి. చెంపలు లోపలికి పోయి చెవులు బయటికి వచ్చిన మొహం. ఎడమచెయ్యి మోచేతి దాకా మాడిన రొట్టె రంగు, కుడిచెయ్యి పాలిపోయిన తెలుపు. జీవితమంతా కిటికీలో ఎడమచెయ్యి ఆనించి బండి తోలినవాడికి అంతే మరి, రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవనుకుంటారు. ఆ ఎడమచెయ్యే ఈ ఎండాకాలం నుంచీ ఉండుండి తిమ్మిరెక్కుతోంది. మెట్లెక్కితే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది. ఈ సంగతి అతనికొక్కడికే తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్తే, లారీ తోలడానికి ఒంట్లో బాగుందని రాసిచ్చిన కార్డు లాగేసుకుంటాడు. ఆ కార్డు జనవరి దాకా చెల్లుతుంది. జనవరిలో తనూ పని మానేస్తున్నాడు. ఈలోగా డాక్టరుతో పనేమిటి?

యూనివర్సిటీ వాళ్ళ అమెరికా ఫుట్‌బాల్ జట్టు సామాను మోసే లారీ అది. రెండు పక్కలా లారీ పొడుగునా జట్టు గుర్తయిన దుప్పి బొమ్మ, కొమ్ములు పైకప్పు దాకా ఉంటాయి. మా కెస్లర్‌విల్‌లో ఆ దుప్పిని ఒక్కమాట అన్నవాడికి మంగలి కూడా గడ్డం గీయడు. అట్లాంటి ఊరికి రెండేళ్ళ కిందట పిడుగు పడింది. వెనకటి కోచ్ కాలంలో ఆటగాళ్ళ పరీక్షలు ఎవరో రాసిపెట్టారని తేలి, పైనున్న కమిటీవాళ్ళు నాలుగేళ్ళ శిక్ష వేశారు. వెనకటి గెలుపులెన్నో లెక్కలోంచి కొట్టేశారు. అన్నిటికన్నా ఘోరం, డిసెంబరులో మంచి జట్లను దక్షిణాది సముద్రపుటూళ్ళకు పిలిచి ఆడించే బౌల్ ఆట మనకు లేదన్నారు. రెండేళ్ళు గడిచాయి, రెండు మిగిలాయి. ఈ ఏడు జట్టు బౌల్ పిలుపొచ్చేంత బాగానే ఆడుతోంది. ఆ మిగిలినవి తగ్గించాలా వద్దా అని కమిటీ ఇవాళ తేలుస్తుంది.

చీపురు మూలకు కొట్టి, చేతొడుగులు తీసి స్టీరింగు ముందు పడేసి, లైల్ డాటీ హోటలుకు నడిచాడు.

గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, "అదుగో, లోపలి మనిషి వచ్చాడు!" అన్నాడు బడ్ షూమన్. గొట్టాలు బాగుచేసి బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్న బొద్దుమనిషి. రెండేళ్ళుగా గడ్డం తీయలేదు. శిక్ష పోయినరోజే తీస్తానని మొక్కు. "ఏమోయ్ లైల్, ఏమనుకుంటున్నారు లోపల?"

"ఎవరు?"

"అదేనయ్యా, పెద్దవాళ్ళు."

"నాకేం తెలుసు బడ్, నేను హెల్మెట్లు మోసేవాణ్ణి."

"చూశారా? చెప్పనన్నాడంటే తెలుసన్నమాటే!" అని బడ్ బల్ల మీద కొట్టాడు.

ఎదురుగా హార్లన్ ప్రైస్ కాఫీలోంచి తల ఎత్తలేదు. పోస్టుమాస్టరుగా చేసినవాడు. ఎవరింటికి ఏ దుర్వార్త వస్తుందో ముందే చూసిచూసి మంచివార్త మీద నమ్మకం పోయింది. "తగ్గించరు," అన్నాడు. "తగ్గించకూడదు కూడా. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? మేసింది కదా, కట్టేశారు."

"ఆవు ఎప్పుడో ఊరొదిలి పోయింది! ఆ పరీక్షలు రాయించినవాడు ఇప్పుడు ఎక్కడో హాయిగా గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. మన దూడలకు రెండేళ్ళుగా మేత లేదు. ఇదేం న్యాయం రా హార్లన్?"

"నాలుగేళ్ళన్నారా? నాలుగేళ్ళూ తలెత్తుకుని మోద్దాం. సగంలో జాలిపడి వదిలేస్తే పక్క ఊళ్ళవాళ్ళు మన మనవల దాకా దెప్పుతారు."

"నీ నోట్లో ఉప్పు పొయ్యా! నీకేం పోయింది, గడ్డం నాది!"

"గడ్డంతోనే నువ్వు నయం, మొహం కనపడదు."

"ఇదుగో, ఇద్దరూ గొంతులు తగ్గించండి, నా గుడ్లు పెనం మీద చేరకముందే పగులుతున్నాయి," అంది డాటీ, లైల్ ముందు పళ్ళెం పెడుతూ. "వెర్నా ఎలా ఉంది లైల్?"

"బాగానే ఉంది."

హార్లన్ ఇంకా వదల్లేదు. "అయినా రెండేళ్ళు ఎంతలో పోతాయి? రెండేళ్ళు ఆగలేనివాళ్ళకు ఆ ఆటెందుకు?"

లైల్ చెంచా పళ్ళెంలో పడేశాడు. "రెండేళ్ళు అందరి దగ్గరా ఉండవు హార్లన్," అన్నాడు. మొహం ఎర్రబడిపోయింది. ఏళ్ళ తరబడి ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు అంత మాట అనడం ఎవరూ వినలేదు. బడ్ గడ్డం నిమురుకున్నాడు. హార్లన్‌కు ఏదో తట్టింది కాబోలు, కాఫీ ఇంకొంచెం పొయ్యమని డాటీకి సైగ చేశాడు. లైల్ గుడ్లు సగం వదిలేసి లేచిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి వరండా పిట్టగోడ మీద ఎర్రదిండు ఎండుతోంది. దాన్ని చూసి అతను మెట్టు మీదే ఆగిపోయాడు.

ఆ దిండు కథ చెప్పాలి. లైల్ భార్య వెర్నా ముప్పై ఏళ్ళు బట్టల ఇస్త్రీ కొట్లో, వెనకగదిలో, ఆవిరిలో బతికింది. ఊళ్ళో సగం చొక్కాలు ఆమె చేతి మీదుగా వెళ్ళినవే, కానీ ఆమె మొహం ఊరికి తెలియదు. బౌల్ ఆటకు లారీ బయల్దేరే రోజు మాత్రం వేరు. ఆ ఒక్క ప్రయాణానికి తోలేవాడు ఇంటావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవచ్చని పాత ఆనవాయితీ. బడిపిల్లలు, బాజాలవాళ్ళు, మంటలార్పే బండి, ఊరంతా పెద్దవీధికి రెండువైపులా నిలబడి లారీకి చేతులూపి సాగనంపుతారు. మొదటిసారి వెర్నా సిగ్గుతో కిందికి జారి కూర్చుంది. ఊరి పొలిమేర వచ్చేసరికి, వాళ్ళు ఊపేది లారీకే కాదు, తనక్కూడా అని అర్థమైంది. మనిషి పొట్టి కావడంతో కిటికీలో నుదురు తప్ప కనపడేది కాదు. మరుసటి ఏడాదికి ఎర్రబట్టతో లావుపాటి దిండు కుట్టుకుంది. దాని మీద కూర్చుని మహారాణి లాగా మణికట్టు దగ్గర్నుంచి చెయ్యి ఊపేది. దార్లో ఎదురొచ్చే లారీలు హారను కొడితే వాటికీ ఊపేది. సముద్రం దగ్గరికి చేరాక మాత్రం, "ఆ, నీళ్ళేగా," అనేది.

ఇప్పుడు ఆమె ఊపిరితిత్తులు బాగాలేవు. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద గాలిసీసా. ఈ చలికాలం ప్రయాణం చేయవచ్చని డాక్టరు అన్నాడు. వచ్చే చలికాలం గురించి అడిగితే కాగితాలు సర్దుకున్నాడు.

"దిండు ఎందుకు బయటపెట్టావు?" అన్నాడు లైల్.

"మక్కిన వాసన వస్తోంది. ఎండకు వేశాను, తప్పా?"

"తప్పని ఎవరన్నారు?"

"ఇదుగో లైల్, వాళ్ళు కాదన్నారనుకో, నువ్వు మొహం వేలాడేసుకుని రావద్దు. బౌల్ ఆట లేకపోతే నాకేమన్నా ముద్ద దిగదా?"

"మన కార్లో వెళ్దామన్నానుగా, ఎప్పుడంటే అప్పుడు."

"కార్లో వెళ్తే నాకెవరు చెయ్యూపుతారు, పెట్రోలు బంకువాడా?" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక అతని వంక చూసింది. "ఏమిటా రొమ్ము రుద్దుకోవడం?"

"డాటీ ఉల్లిపాయలు."

"డాక్టరుకు చూపించుకో."

"జనవరిలో."

"నీ జనవరి బంగారంగానూ! అన్నీ జనవరిలోనే," అని విసుక్కుని సూపు గిన్నె ముందుకు తోసింది. అతను రెండు చెంచాలు తాగి, నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడ్డాడు. గోడ గడియారం వంక చూడకుండా ఉండటానికి కిటికీ వంక చూశాడు, అక్కడ దిండు కనపడింది. చెప్పులో కాలు పెట్టి బయటపడ్డాడు.

లారీ షెడ్డులో ఎంతసేపని తిరుగుతాడు? చక్రాల గాలి చూశాడు. తాళ్ళు విప్పి మళ్ళీ చుట్టాడు. అద్దం తుడిచాడు, తుడిచిన అద్దంలో తన మొహమే బిక్కుబిక్కుమంటూ కనిపిస్తే గుడ్డ అవతల పారేశాడు. తగ్గించకపోతే ఏమని చెప్పాలి? ఆ దిండును ఎవరు లోపల పెట్టాలి? ఆమే పెడుతుంది, చప్పుడు చెయ్యకుండా, బీరువా పై అరలో. ఆ ఆలోచనే భరించలేకపోయాడు. చివరికి రేడియో పెట్టాడు.

రేడియోలో ఎవరో ఇంకా వాదిస్తూనే ఉన్నారు. అంతలో మాట మధ్యలో ఆగింది. కాగితం చప్పుడయింది. తర్వాత ఆ వార్తలమనిషే అరిచాడు, "ఎత్తేశారు! బౌల్ నిషేధం ఈ ఏడాది నుంచే ఎత్తేశారు!"

లైల్ అక్కడే పెట్టె మీద కూలబడ్డాడు. మైదానం సైరను మోగింది. పెద్దవీధిలో కార్ల హారన్లు గోలెత్తాయి. బడ్ సగం గీసిన గడ్డంతో, నురగ కారుతుండగా, డాటీ హోటలు ముందు గంతులేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. హార్లన్ మాత్రం "జాలిపడి పెట్టిన తిండి" అన్నాడట, అంటూనే జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడట.

లైల్ ఇంటికి ఫోను చేశాడు. అవతల గాలిసీసా బుసబుస వినిపించింది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"ఏడుస్తున్నావా?"

"నాకేం ఖర్మ. వచ్చి దిండు తీసుకెళ్ళు. ఇప్పుడే వేసెయ్యి, మళ్ళీ ఎవరన్నా కూర్చుంటారు."

డిసెంబరు దాకా ఆ సీట్లో కూర్చునేదెవరు? అయినా వెళ్ళాడు. బస్సు కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు వేసుకునే ఆత్రం మనకు తెలియనిదా! ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. దిండు ఇచ్చి, అతని చెవి పట్టుకుని కిందికి వంచి, నుదుటి మీద ముద్దుపెట్టింది. "చల్లగా చెమట పట్టిందేమిటి?" అంది.

"పరిగెత్తుకొచ్చాను," అన్నాడు. అతని మొహంలో పదేళ్ళు తగ్గాయి.

లారీ ఎక్కి దిండును పక్కసీటు మీద వేశాడు. సరిగ్గా లేదనిపించి, సర్ది, అరచేత్తో తట్టాడు. తన సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. షెడ్డు తలుపులోంచి సాయంత్రపు ఎండ దిండు మీద పడుతోంది. రేడియోలో వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు, తగ్గించడం న్యాయమేనా అని ఇప్పుడు. లైల్ రేడియో కట్టేశాడు. రొమ్ము మీద కూర్చున్నదేదో ఈసారి లేవడం లేదు. ఒక్క క్షణం ఆగి ఇంటికి పోదామనుకుని తల వెనక్కి ఆనించాడు. దీపాలు పెట్టే వేళకు సామాను మేనేజరు వచ్చి, నిద్రపోతున్నాడనుకుని, భుజం మీద తట్టాడు.

డిసెంబరులో లారీ బయల్దేరింది. తోలేది రాడ్నీ అని కొత్తవాడు. ఆనవాయితీ తోలేవాడి భార్యకే కదా అని ఎవరో అన్నారట. బడ్, హార్లన్ ఇద్దరూ కలిసి వెళ్ళి, వెర్నా ఎక్కాల్సిందేనని మేనేజరు బల్ల ముందు కూర్చున్నారు. ఆ ఇద్దరూ ఒక్కమాట మీదికి వచ్చింది జన్మలో అదొక్కసారే. రాడ్నీ భార్య ముందే తప్పుకుంది. వెర్నాయే రానంది. తలుపు తీయనంది. హార్లన్ మంచులో వరండా మెట్టు మీద టోపీ తీసి నిలబడి, "నువ్వెక్కకపోతే ఇన్నేళ్ళూ మేము చెయ్యూపింది ఎవరికనుకోవాలమ్మా?" అన్నాడు. అప్పుడు తీసింది.

పెద్దవీధికి రెండువైపులా జనం. ఆమె దిండు మీద నిటారుగా కూర్చుంది, ముక్కుకు గొట్టంతో. ఇస్త్రీ కొట్టు దాటేదాకా చెయ్యి ఒళ్ళోనే ఉంది. తర్వాత ఆ చెయ్యి లేచింది, మణికట్టు దగ్గర్నుంచి మెల్లగా ఊగింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఊపడం ఆగిపోతుంది. రాడ్నీ తన చేతొడుగులు తాను తెచ్చుకున్నాడు. స్టీరింగు ముందున్న లైల్ పాతజతను ఎవరూ కదపలేదు, వేళ్ళు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.