మొన మీద నీలం

గిద్దలూరులో వెంకటస్వామి కొలిమి పక్కనే నా పంక్చర్ల షాపు. నాకు నోటి దురుసు ఎక్కువంటారు, అంటే అననీ. ఆ కొలిమిలో ఏ కత్తికి ఏమైందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఎందుకంటే నాకు బేరాలు తక్కువ, చూడటం ఎక్కువ.

వెంకటస్వామి కొలిమి కత్తికి పిడి దగ్గర మూడు చుక్కల ముద్ర ఉంటుంది. కత్తి సరిగ్గా కుదిరిందని తేలాకే ఉలి పెట్టి ఆ ముద్ర కొడతారు. కుదరకపోతే మళ్ళీ కొలిమిలో పడేయడమే. ముసలాయనకు చూపు తగ్గినప్పటి నుంచి కత్తులు చేసేది కోడలు ఈశ్వరి. ముద్ర ఉలిని మాత్రం ఆయన బొడ్లోనే దోపుకునేవాడు. ఈశ్వరికి దాని మీద ఎంత ఆశో నాకు తెలుసు. ఆయన ముద్ర కొట్టిన ప్రతిసారీ ఆమె కళ్ళు కత్తి మీద కాదు, ఉలి మీదే ఉండేవి.

ఆ రోజు నల్లమల నుంచి కాశయ్య రావాలి. తాడు కట్టుకుని కొండ చరియ దిగి తేనె తీసే మనిషి. ఒక చేత్తో తాడు పట్టుకుంటే రెండో చేతిలో కత్తి ఉండాలి. ఆయన కోసం చేసిన కత్తిని ఈశ్వరి ఎమిరీ పేపరుతో రుద్ది, వెలుగులో తిప్పి చూసి ఉసూరుమంది. నునుపు కింద గ్రైండరు గీతలు అడ్డంగా కనబడుతున్నాయి. అవి పోవాలంటే మళ్ళీ గరుకు పేపరుతో మొదలుపెట్టి చేత్తోనే రుద్దాలి. కాశయ్య వచ్చే వేళయిందని ఆమె తొందరపడి మళ్ళీ గ్రైండరుకే పెట్టింది. పలచటి మొన వేడెక్కి నీలం తేలింది. నీలం తేలిందంటే అక్కడ ఇనుము మెత్తబడినట్టే, గట్టిగా ఒత్తితే మొన వంగిపోతుంది.

ఆమె తల పట్టుకుంది.

"రుద్దెయ్ చెల్లెమ్మా, రంగు పోతాది. ఎవురికి కనబడతాది?" అన్నాను. మంచి సలహానే ఇచ్చాననుకున్నాను.

రుద్దింది. నీలం పోయింది, గీతలూ పోయాయి. ముఖం చూసుకునేంత నునుపు తేలింది.

కాశయ్య వచ్చి కొలిమి ముందు కూర్చున్నాడు. ముసలాయన కత్తి మీద బొటనవేలు నడిపాడు. తర్వాత ఎప్పటిలాగే ఆకురాయిని కత్తి నడుమ ఆనించి లాగాడు. ఇనుము మెత్తగా ఉంటే ఆకురాయి పట్టుకుంటుంది, గట్టిగా ఉంటే జారుతుంది. ఇది జర్రున జారింది. ఆయన ముఖం విప్పారింది.

"ఇంత నున్నగా నేను కూడా ఎప్పుడూ తేల్చలేదు గదమ్మా" అంటూ బొడ్లోంచి ఉలి తీశాడు. "నాకు చూపు ఆనడం లేదు. ఈ పొద్దు నువ్వే కొట్టు."

ఈశ్వరి ఉలి అందుకుంది. నాకు సంతోషమేసింది, దాచడమెందుకు. సుత్తి నేనే అందించాను.

ఆమె కత్తిని దాగలి దిమ్మ మీద పెట్టింది. ఉలి ఆనించింది. అంతలో ఎందుకో తలెత్తి కాశయ్య భుజాన ఉన్న తాడు చుట్ట వైపు చూసింది. సుత్తి దించేసింది. ఆకురాయి తీసుకుని మొన మీద లాగింది. కర్రుమంది.

ఆ చప్పుడు ఏమిటో ముసలాయనకు ఒకరు చెప్పక్కర్లేదు. "ఏందమ్మా అది?" అన్నాడు.

"మొన కాల్చినా మామా. నీలం వచ్చింది. రుద్ది దాచిపెట్టినా."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకు చేతికొచ్చినదాన్ని ఎవరైనా అలా వదులుకుంటారా? ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. మళ్ళీ మొదటి నుంచి గట్టిపరచడానికి బ్లోయర్ వేసి కత్తిని నిప్పుల్లోకి తోసింది. పడిన కష్టమంతా చూస్తుండగానే నల్లబడిపోయింది.

"నా బస్సు పోతే పోనీలే తల్లీ. మళ్ళా పదును పెట్టు, ఉంటా" అని కాశయ్య బీడీ తీసుకున్నాడు.

ఈశ్వరి ఉలిని మామ అరచేతిలో పెట్టింది. ఆయన కాసేపు దాన్ని తడుముతూ కూర్చున్నాడు. తర్వాత ఆమె చేయి వెతికి పట్టుకుని ఉలిని మళ్ళీ అందులోనే ఉంచాడు.

"ఇది నీ కాడే ఉండనీ" అన్నాడు. "నేను నడుమే చూసినా, మొన చూడలేదు."