డిస్ట్రాయర్ లేని సముద్రం

వేణుగోపాల్ సుత్తి దించాడు. ముస్తాక్ కుడిచేతి చూపుడువేలు నుజ్జయింది.

ఆదివారం మధ్యాహ్నం. ఆటోనగర్‌లో షెడ్లన్నీ మూసి ఉన్నాయి. ఆ అరుపు వినేవాడు లేడు.

దొంగలారీలు విప్పి విడిభాగాలుగా అమ్మే షెడ్డు వేణుగోపాల్‌ది. ముస్తాక్ అందులో మెకానిక్. ఉయ్యూరు రోడ్డు మీద ఓ లారీ డ్రైవర్‌ని ఓనరు వేణుగోపాలే పొడిచి చంపడం అతను కళ్లారా చూశాడు. సోమవారం పోలీసులకు చెప్పబోతున్నాడని వేణుగోపాల్‌కు తెలిసిపోయింది. ఇక ప్రాణాలతో వదిలేది లేదు.

అయితే ఒక పని మిగిలిపోయింది. ప్రతి ఆదివారం ఇద్దరూ ఆడే యుద్ధం బోర్డు ఆట సగంలో ఆగి ఉంది. అందులో ఓడిపోతున్నది వేణుగోపాల్.

"ఇప్పుడు చంపేస్తే నువ్వు గెలిచి చచ్చినట్టవుద్దిరా. ముందు ఓడిస్తా. తర్వాత చంపుతా."

లారీల కింద పనిచేసే గొయ్యి అంచున బోర్డు పెట్టారు. ముస్తాక్ ఎప్పటిలాగే కాళ్లు గొయ్యిలోకి వేలాడేసి కూర్చున్నాడు. వెనక కత్తితో వేణుగోపాల్ అనుచరుడు ఏసుపాదం, ఎదురుగా పిస్తోలుతో వేణుగోపాల్.

ముస్తాక్ ఎడమచేత్తో తన సబ్‌మెరైన్‌ని శత్రునౌకల మధ్యకు జరిపి, మొదటి దెబ్బ తనదే అన్నాడు. సబ్‌మెరైన్ ముందుగా కాలుస్తుంది. మునిగిన ఓడకు తిరిగి కాల్చే హక్కు ఉండదు.

వేణుగోపాల్ నవ్వాడు. "నా డిస్ట్రాయర్ కనపడట్లేదా? అది పక్కనుంటే నీ దొంగదెబ్బ చెల్లదు."

ఆ సంగతి ముస్తాక్‌కు బాగా తెలుసు. ఆట నేర్పిందే తను. అయినా రూల్సు పుస్తకంలో అలా లేదని మొండికేశాడు.

"పుస్తకం చూడకుండా గెలిస్తే అదేం గెలుపన్నా?"

ఆ మాట గుచ్చుకుంది. పుస్తకం బయట కారులో ఉంది. వేణుగోపాల్ ఏసుపాదాన్ని పంపాడు.

షట్టర్ చప్పుడు వినగానే ముస్తాక్ గొయ్యిలోకి జారిపోయాడు. పిస్తోలు పేలింది. తూటా తల మీదుగా పోయి గోడలో దిగింది.

వీల్ స్పానర్‌ని గొయ్యి గోడలోని గూట్లోనే వదిలేయడం మెకానిక్‌ల అలవాటు. ఏనాడూ గొయ్యిలోకి దిగని ఓనరుకు అది తెలియదు. లోపలికి చూద్దామని అంచుకు వచ్చి వంగాడు. కింద నుంచి లేచిన ఇనుము మోకాలిచిప్పను పగలగొట్టింది. తలకిందులుగా గొయ్యిలో పడ్డాడు. రెండో దెబ్బకు దవడ విరిగింది. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా ముస్తాక్ ఆపలేదు.

పిస్తోలు చప్పుడు విని పని అయిపోయిందనుకున్నాడు ఏసుపాదం. అయినా ఓనరు ఆ రూలు వినకుండా ఊరుకోడని పేజీ తెరిచే తెచ్చాడు.

"నువ్వన్నదే రైటన్నా. డిస్ట్రాయర్ ఉంటే సబ్‌మెరైన్‌కి మొదటి దెబ్బ లేదు."

గొయ్యిలోంచి పిస్తోలు పైకి లేచింది.

"నిజమే," అన్నాడు ముస్తాక్. "నువ్వు బయటికెళ్లావుగా మరి."

ఏసుపాదం చెయ్యి కత్తి మీదికి పోయింది. ముస్తాక్ ఎడమచేత్తోనే కాల్చాడు.

రక్తంతో తడిసిన పుస్తకం ఓడల మీద పడింది. ముస్తాక్ మోచేతుల మీద పైకి పాకి, సోమవారం దాకా ఆగకుండా, పోలీస్ స్టేషన్ వైపు నడిచాడు.