డ్రైవర్లు పెట్టిన చుక్కలు

మోకాలి ఆపరేషన్ అయ్యాక మామయ్యను ఇంట్లో భరించడం కష్టమైపోయింది. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఇప్పుడు కుర్చీకి అతుక్కుపోయి, ఫ్యాను చప్పుడు నుంచి పాలవాడి ఆలస్యం దాకా ప్రతిదానికీ వంకలు పెడుతున్నాడు. భార్య పోయినప్పటి నుంచి మేనకోడలి దగ్గరే ఉంటున్నాడు. ఆమె రహదారుల ఆఫీసులో పటాలు గీస్తుంది.

ఒక శనివారం ఆమె కొత్త రహదారి పటాన్ని సరిచూసుకోవడానికి భోజనాల బల్ల మీద పరిచింది. మామయ్య కర్ర పట్టుకుని లేచి వచ్చాడు.

"ఈ కొండ కింద తెల్లగా వదిలేశావేంటి?"

"అక్కడేం లేదు మామయ్యా. బీడు."

"నీ మొహం. అక్కడ మడుగుంది. వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం పోయేదాకా నీళ్లుంటాయి."

ఆమె ఉపగ్రహం ఫోటో తేదీ చూసింది. నడివేసవిలో తీసింది. ఎండిన మడుగు నేల రంగులో కలిసిపోయింది.

"సరే, మడుగు చేరుస్తాను. రోడ్డు పక్కనుంచే పోతుందిగా, ఇబ్బంది లేదు," అంది.

మామయ్య వేలితో కొండ మీంచి మడుగు దాకా ఒక గీత గీశాడు. అది కొత్త రోడ్డును అడ్డంగా దాటింది. "జింకలు నీళ్లకి దిగే దారి ఇది," అన్నాడు. గీత రోడ్డును దాటినచోట వేలు ఆపాడు. "పన్నెండేళ్లయింది. తెల్లవారుతుండగా ఇక్కడే ఒకదాన్ని గుద్దేశాను. చూలుది. బండి దిగి, దాని ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చున్నాను. మీ అత్తక్కూడా చెప్పలేదు."

ఆమె మళ్లీ పటం మీదకి వంగింది. పాత రోడ్డు సన్నది. దాన్నే వెడల్పు చేసి కట్టే కొత్తది ఆరు వరుసలది, మధ్యలో గోడ. దాన్ని దాటడం ఏ జంతువు తరమూ కాదు.

సోమవారం ఆమె సంగతంతా ఇంజనీరుకు చెప్పింది. ఆయన వెటకారం చేయలేదు. "మీ మామయ్య జ్ఞాపకాన్ని ఫైల్లో ఎలా పెట్టమంటావమ్మా? నెలాఖరుకి పటం పైకి పోవాలి. ఈలోగా ఏదైనా ఆధారం పట్టుకురా."

ఆదివారం ఆమె మామయ్యను కారెక్కించుకుని, ఆ దారిలో లారీలు ఆగే హోటలుకు తీసుకెళ్లింది. అక్కడ బల్ల మీద పటం పరిచి, ఆయన పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఈ రోడ్డు మీద జంతువు నీకెక్కడ అడ్డమొచ్చిందో ఇక్కడో చుక్క పెట్టు."

"ఏంటన్నా, జింకలకి ఓటు హక్కు ఇప్పిస్తున్నావా?" అని ఒకడు నవ్వాడు. నవ్వినవాడే వంగి నాలుగు చుక్కలు పెట్టాడు. పాత పరిచయమున్న మీసాల డ్రైవరుకు పటం అర్థం కాలేదు. "ఇదిగో పెట్రోలు బంకు. ఇది నీ టైరు పేలిన మలుపు," అని మామయ్య వేలు జరుపుతూ పోతే, ఇంకాసేపటికి వాడే ముందుకు దారి చెప్పసాగాడు. ఒక పెద్దాయన ఒకే ఒక్క చుక్క పెట్టి, వెళ్లి చేతులు కడుక్కున్నాడు. మామయ్య ఆయన్ని ఏమీ అడగలేదు.

రెండు ఆదివారాలకు అరవై ఒక్క చుక్కలయ్యాయి. ఎక్కువభాగం రెండుచోట్ల గుంపులు కట్టాయి. ఒకటి మడుగు దగ్గర. రెండోది నాలుగు కిలోమీటర్ల అవతల, రోడ్డుకు రెండువైపులా అడవి ఉన్నచోట.

ఇంజనీరు చాలాసేపు పటం చూశాడు. పటం పంపడానికి నెల గడువు అడిగి, అటవీశాఖకు ఫోను చేశాడు. వాళ్లు రెండుచోట్లా చెట్లకు కెమెరాలు కట్టారు. మూడు వారాల్లో రెండోచోట జింకలు, అడవిపందులు, పిల్లల్ని వీపునెక్కించుకున్న ఎలుగుబంటి దాటాయి. అక్కడ రోడ్డును స్తంభాల మీద లేపి, జంతువులు కిందనుంచి పోయేలా కట్టాలని నిర్ణయమైంది. మడుగు దగ్గర మాత్రం వేగం తగ్గించమనే బోర్డులతో సరిపెట్టారు.

ఇది మామయ్యకు ఎలా చెప్పాలా అని ఆమె దారంతా మథనపడింది.

"అంటే నా చోట ఏం కట్టరన్నమాట," అన్నాడాయన.

"అక్కడికి జంతువులు రావట్లేదు మామయ్యా. కొండ మీద రాళ్లు పేలుస్తున్నారుగా, రెండేళ్లయింది. ఆ చప్పుడుకి దారి మార్చుకున్నాయి."

"ఒక్కటీ రావట్లేదా?"

"మూడు వారాల్లో రెండుసార్లు. అంతే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బండి మానేసేదాకా అక్కడికొచ్చినప్పుడల్లా కాలు బ్రేకు మీదకే పోయేది," అన్నాడు నెమ్మదిగా. "పోన్లే. ఎటో ఒకవైపు బతుకుతున్నాయి కదా." తర్వాత ఆమె తెచ్చిన ఎలుగుబంటి ఫోటో తీసుకుని, వెలుతురులోకి పట్టుకుని తనివితీరా చూశాడు.

ఆదివారం ఆమె లేచేసరికే ఆయన చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు.

"ఇప్పుడెక్కడికి? పటం పైకి పంపేశాంగా."

"చుక్కలు పెట్టినవాళ్లకి ఏమైందో చెప్పొద్దా? ఊరికే అడిగి వదిలేస్తే ఏం మర్యాద?"

ఆ పొద్దున హోటలు ముందు ఆయన కర్ర పక్కన పెట్టి నిలబడే మాట్లాడాడు. ఎలుగుబంటి ఫోటో చేతులు మారుతూ, టీ మరకలు పడుతూ, లారీల వరుస చివరిదాకా వెళ్లింది.